మిషన్ కలిపిన వరస

పెళ్లిళ్లు చెడగొట్టేవాళ్లు లోకంలో చాలా రకాలుంటారు. పక్కింటివాళ్లుంటారు, పాత పగలు మరిచిపోని మేనత్తలుంటారు, జాతకాలు చూసేవాళ్లుంటారు. నా పెళ్లి దగ్గర మాత్రం వాళ్లెవరికీ ఆ శ్రమ లేకుండా పోయింది. ఆ పని నేనే, నా సొంత ఉమ్మితో చేసుకున్నాను. నవ్వదలుచుకున్నవాళ్లు ఇక్కడే మొదలుపెట్టడం మంచిది. నేనైతే అప్పట్లో ఏడ్చాను.

తెలంగాణ ఉద్యమం మంచి ఊపు మీదున్న రోజులవి. మాది ప్రొద్దుటూరు. మాదాపూర్‌లో ఒక కంపెనీలో సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ చేసేదాన్ని, అంటే ఇంకొకరు రాసినదాంట్లో తప్పులు పట్టి జీతం తీసుకునేదాన్ని. హఫీజ్‌పేట్‌లో ఒక గదిలో కిరాయికి ఉండేదాన్ని. బంద్ రోజున ఇంట్లో కూర్చోవడం, దానికి బదులుగా శనివారం ఆఫీసుకు పోయి ఆవులించడం, ఇదీ మా బతుకు.

నా ఎదురు సీటు శ్రీశైలానిది. పుట్టింది, పెరిగింది పుప్పాలగూడలో. మధ్యాహ్నం ధర్నాలో కూర్చుని గొంతు పోగొట్టుకుని, సాయంత్రం వచ్చి నేను పట్టిన తప్పులు దిద్దేవాడు.

"శ్రీశైలం ఉండేది మా సీమలో. నీకు పేరు కూడా మేమే ఇచ్చాం" అనేదాన్ని నేను.

"కొండ మీ దిక్కున్నా దేవుడు అందరోడు. పనిచూడు" అనేవాడు అతను, మిగిలిన గొంతుతో.

ఇట్లా కొట్లాడుకుంటూ కొట్లాడుకుంటూ పెళ్లి మాట దాకా వచ్చాం. కులం దగ్గర పేచీ లేదు, ఇంటిపేర్లు వేరు, ఇద్దరికీ ఉద్యోగాలున్నాయి. ఇక అడ్డేముంది అనుకుంటుండగా ఒకనాడు క్యాంటీన్‌లో శ్రీశైలం టీ కప్పులోకి చూస్తూ కూర్చున్నాడు.

"మా అమ్మ ఒప్పుకుంటలేదు."

"ఏమంటుంది?"

"ఆ పిల్ల మనోళ్లు కాదు గదరా అంటున్నది."

నాకు వెంటనే అర్థమైపోయింది. పూర్తిగా వినకముందే అర్థమైపోవడం అప్పట్లో నాకున్న పెద్ద జబ్బు. ఆంధ్రా పిల్లననే కదా ఆమె బాధ, నా మూలాలు తెలంగాణలోనే ఉన్నాయని రుజువు చేస్తే సరిపోతుంది కదా అనుకున్నాను. మీరైతే ఏం చేసేవారో నాకు తెలియదు. బహుశా మీ అమ్మకు ఫోన్ చేసేవారు. నేను ఇంటర్నెట్ తెరిచాను.

అక్కడ ఒక విదేశీ కంపెనీ దొరికింది. బుగ్గ లోపల దూది పుల్లతో గీకి పంపితే మన తల్లి వైపు వాళ్లు ఎక్కడివాళ్లో చెబుతుందట. తల్లి నుంచి కూతురికి, ఆ కూతురి నుంచి మనవరాలికి దిగుతూ వచ్చే డీఎన్‌ఏ ఒకటుంది. అది కొడుక్కీ వస్తుంది గానీ అతని దగ్గరే ఆగిపోతుంది. దాన్ని పట్టుకుని వెనక్కి పోతే అమ్మమ్మ, ఆమె అమ్మ, ఆ పైన ఆమె అమ్మ, అలా పోతూనే ఉండొచ్చు. నేను పుప్పాలగూడ దాకా పోతే చాలనుకున్నాను.

ఒంటరిగా గీక్కోవడం బాగుండదని రెండు పరీక్ష కిట్లు తెప్పించి, రెండోది శ్రీశైలానికిచ్చాను. క్యాంటీన్ మూలన ఇద్దరం నోట్లో పుల్లలు పెట్టుకుని కూర్చుంటే మా మేనేజర్ చూసి, పళ్లడాక్టరు దగ్గరికి పొమ్మని ఇద్దరికీ సెలవిచ్చాడు.

రెండు నెలల తర్వాత నా ఫలితం వచ్చింది. శ్రీశైలానిదీ వచ్చే ఉంటుంది గానీ, "పాస్‌వర్డ్ మర్చిపోయిన" అన్నాడు. అతనిదాంతో నాకు పనేముంది, నాది తెరిచాను. తెరపై భారతదేశం పటం. దాని మీద ఒకే ఒక్క ఎర్రచుక్క. 'మీ తల్లి వైపు డీఎన్‌ఏతో పూర్తిగా సరిపోయిన వ్యక్తి' అని రాసి ఉంది. పేరు దాచిపెట్టారు, నంబరొక్కటే ఇచ్చారు. ఆ చుక్క ఎక్కడుందంటే శంకర్‌పల్లిలో. పుప్పాలగూడ నుంచి బండి మీద పోయేంత దూరం.

నేను కుర్చీలోంచి లేచి మళ్లీ కూర్చున్నాను. నిజానికి ఆ చుక్క పరీక్షలో తేలింది కాదు, పరీక్ష చేయించుకున్నవాళ్లు తమ అమ్మమ్మ ఊరని ఏది రాస్తే కంపెనీ అక్కడ చుక్క పెడుతుంది. రాసినదాంట్లో నిజమెంతో మాకు సంబంధం లేదని కూడా కింద చిన్న అక్షరాల్లో ఉంది. తప్పులు పట్టడమే వృత్తిగా బతుకుతున్న నేను ఆ చిన్న అక్షరాలు చదవలేదు.

తర్వాతి బంద్ రోజున శ్రీశైలం బండి వెనక కూర్చుని, ల్యాప్‌టాప్ ఒళ్లో పెట్టుకుని, పుప్పాలగూడలో వాళ్లింటికి పోయాను. ఏం చూపించబోతున్నానో అతనికి కూడా చెప్పలేదు. ఒకేసారి ఇంటిల్లిపాదినీ ఆశ్చర్యపరచాలని నా ఉద్దేశం. ఆ ఉద్దేశం మాత్రం నూటికి నూరుపాళ్లు నెరవేరింది.

వాళ్లమ్మ యాదమ్మగారు టీ ఇచ్చి ఎదురుగా కూర్చున్నారు. పక్కన మంచం మీద ఆమె తల్లి, అంటే శ్రీశైలం అమ్మమ్మ. వినపడదేమోనని నేను గట్టిగా మాట్లాడాను. తర్వాత తెలిసింది, ఆ ఇంట్లో అందరికన్నా బాగా వినపడేది ఆమెకేనని.

క్లయింట్లకు చెప్పినట్టే చెప్పాను. బాణం గుర్తులు, బొమ్మలు, మధ్యలో విరామం. చివరికి పటం పెట్టి, ఎర్రచుక్క మీద వేలు పెట్టాను.

"చూడండి ఆంటీ. మా అమ్మ వాళ్లమ్మ వాళ్ల వంశం ఎక్కడిదో కాదు, ఇక్కడిదే. శంకర్‌పల్లిది."

మంచం మీద అమ్మమ్మ లేచి కూర్చుంది. "శంకర్‌పల్లా? అది మా ఊరు గదనే."

నా గుండె బెలూన్‌లా ఉబ్బింది. శ్రీశైలం వైపు గర్వంగా చూశాను. అతను పటం వైపు అనుమానంగా చూస్తున్నాడు.

"ఎవలింటోళ్లు బిడ్డా? శంకర్‌పల్లిల మాకు తెల్వని ఇల్లు లేదు" అన్నారు యాదమ్మగారు.

"పేరు చెప్పరాంటీ, నంబరే ఉంటుంది. కానీ నమ్మకమైన సమాచారం. సైన్సు అబద్ధం చెప్పదు."

"జర ఆ నంబర్ పెద్దగ చెయ్యి" అన్నాడు శ్రీశైలం.

చేశాను.

"చివర్ల నా బండి నంబరే ఉంది. అందుకే యాదికుంది. వనజా, గిది నా నంబర్."

"నీదేంటి?"

"నేను గీకిన పుల్లది. అమ్మమ్మ ఊరు అని అడిగితే శంకర్‌పల్లి అని రాసిన. గా చుక్క నేనే."

నా వంశం మొత్తానికీ ఉన్న ఒకే ఒక్క ఆధారం నా ఎదుటే కూర్చుని టీ తాగుతోంది.

ఇంతవరకూ జరిగింది నవ్వులాట. ఆపద ఆ తర్వాత, మంచం మీది నుంచి వచ్చింది.

"అంటే ఏందే? ఈ పిల్లకు, మా వానికి తల్లి దిక్కు రక్తం ఒక్కటేనా?" అంది అమ్మమ్మ.

"అవును అమ్మమ్మా, పూర్తిగా సరిపోయింది" అన్నాను నేను. ఓటమిలో కూడా కొంత గెలుపు మిగిలిందనుకుని.

"తల్లి, తల్లికి తల్లి, గట్ల?"

"అవునండి. ఎప్పుడో ఒకే తల్లి."

"అంటే ఆ తల్లికి ఇద్దరు బిడ్డలు. ఒక బిడ్డ కడుపున మేము, ఒక బిడ్డ కడుపున మీరు. అక్కచెల్లెండ్ల పిల్లలు." అమ్మమ్మ చీర కొంగు సర్దుకుని తీర్పు చెప్పింది. "ఇగ పెండ్లేంది బిడ్డా. వాడు నీకు అన్న అయితడు."

తెలుగు వరసల సంగతి మీకు తెలుసు. మేనమామ పిల్లలైతే పప్పన్నం, పెద్దమ్మ పిల్లలైతే రాఖీ. తల్లి వైపు డీఎన్‌ఏ ఎంత దూరం పోయినా అక్కచెల్లెళ్ల దారినే పోతుంది. ప్రపంచంలో ఇన్ని పరీక్షలుండగా, పెళ్లికి పనికిరాని వరసను మాత్రమే రుజువు చేసే పరీక్షను నేను ఏరి కోరి తెచ్చుకున్నాను.

"వాడు నీకన్నా పెద్దనా, చిన్ననా?" అని కూడా అడిగింది అమ్మమ్మ, వివరాలు సరిగ్గా ఉండాలని.

"అదంతా నమ్మకూడదమ్మమ్మా" అన్నాను. "ఇది చవక పరీక్ష. పైపైన చూస్తారు. ఆ ఒకే తల్లి ఎన్ని వేల ఏళ్ల కిందటిదో. మన దేశంలో చాలామందికి ఇలాగే వస్తుంది. ఆ ఊళ్ల పేర్లు కూడా ఎవరికి తోచింది వాళ్లు రాసేవి."

"ఇప్పుడే గద సైన్సు అబద్ధం చెప్పదంటివి" అన్నారు యాదమ్మగారు. కోపంగా కాదు, నిజంగానే తెలుసుకోవాలని. అది ఇంకా ఘోరం.

శ్రీశైలం ఏదైనా మాట్లాడతాడేమోనని చూశాను. అతను తల వంచుకున్నాడు, భుజాలు ఎగిరెగిరి పడుతున్నాయి. ఏడుస్తున్నాడనుకున్నాను. నవ్వుతున్నాడు.

వస్తుంటే గడప దగ్గర యాదమ్మగారు ఒక్క మాటే అన్నారు. "మీ అమ్మను తోల్కరా బిడ్డా."

ఆ సాయంత్రం గదికి చేరి ప్రొద్దుటూరుకు ఫోన్ చేసి అంతా చెప్పాను.

"నోట్లో పుల్ల పెట్టుకొని గీక్కున్న్యావా?" అంది అమ్మ.

"అవునమ్మా."

"దాన్ని కవర్లో పెట్టి ఎవురికో పంపిచ్చినావా?"

"అవునమ్మా."

"నా అమ్మది యా ఊరో నన్ను అడిగింటే చెప్పనా మే? బళ్లారి. ఉండు, వచ్చాండా."

రైల్ రోకోలు, బంద్‌లు లేని ఒక ఆదివారం చూసుకుని అమ్మ బస్సు దిగింది. ఇద్దరం పుప్పాలగూడ పోయాం. దారంతా నేను బళ్లారి ఎంత దూరమో లెక్కేసుకుంటూ సంతోషించాను. నిన్నమొన్నటిదాకా మా వంశాన్ని ఎలాగైనా శంకర్‌పల్లికి లాక్కురావాలని చూసినదాన్ని, ఇప్పుడది బళ్లారిలోనే ఉండిపోవాలని, వీలైతే ఇంకొంచెం పడమటికి జరగాలని దేవుడికి దండం పెట్టుకుంటున్నాను.

అమ్మ లోపలికి అడుగు పెట్టి, మంచం మీది పెద్దావిడను చూసి ఆప్యాయంగా, "బాగుండావా పెద్దమ్మా?" అంది.

అమ్మమ్మ యాదమ్మగారి వైపు తిరిగింది. "చూసినవా? వరస గూడ గట్లనే కలుస్తున్నది."

నేను గబగబా ల్యాప్‌టాప్ తెరిచాను. నా అదృష్టం కొద్దీ పటం మీద కొత్త చుక్కలు చేరాయి. ఒడిశాలో ఒకటి, శ్రీలంకలో ఒకటి, మలేషియాలో రెండు.

"చూడండమ్మమ్మా, వీళ్లందరికీ నాకూ కూడా పూర్తిగా సరిపోయింది. మరి వీళ్లంతా నా అన్నదమ్ములా? వీళ్లెవరూ నాకేం కారు."

"ఏం కారు?"

"ఏం కారు."

"మా మనుమడు?"

"శ్రీశైలమూ అంతే. నాకేమీ కాడు అమ్మమ్మా. ఏ సంబంధమూ లేదు."

"ఏ సంబంధం లేకుంటే ఇగ పెండ్లెందుకే?"

టెస్టింగ్‌లో నాకు మంచి పేరుండేది. ఏ ప్రోగ్రామునైనా మూలకు నెట్టి ఆపేయగలదని చెప్పుకునేవాళ్లు. ఆ రోజు నేను ఆగిపోయాను.

అప్పుడు మా అమ్మ నా చేతిలోంచి ల్యాప్‌టాప్ తీసి, మూత వేసి, పక్కన పెట్టింది. మంచం మీద అమ్మమ్మ పక్కన కూర్చుంది.

"మాట తప్పొచ్చింది, ఏమనుకోవద్దు. నిన్ను నేను పెద్దమ్మా అనకూడదు. అత్తమ్మా అనల్ల."

అమ్మమ్మ వేళ్లు మడిచి లెక్క కట్టింది. "నేను నీకు అత్తనైతె మా యాదమ్మ నీకు వదిన. వదిన కొడుకు నీకు అల్లుని వరస." ఆమె ముఖం విప్పారింది. "గట్ల ముందే అంటె అయిపోవు గదనే. ఇగ మంచిగున్నది."

అంతే. వేల ఏళ్ల డీఎన్‌ఏ ఒక్క పిలుపుతో తప్పుకుని దారిచ్చింది.

తర్వాత అమ్మ, యాదమ్మగారు మోకాళ్ల నొప్పుల గురించి, మా వైపు మిరపకాయల గురించి, బంద్ రోజున పాలు దొరకడం గురించి మాట్లాడుకున్నారు. మా ఊసే లేదు. లేవబోయే ముందు యాదమ్మగారు అమ్మ చెయ్యి పట్టుకున్నారు.

"వదినా, నేను మనోళ్లు కాదన్నది మీరు ఆంధ్రోళ్లని కాదు. పిల్ల ఒక్కతే వస్తది, పోతది. ఎవరి బిడ్డనో, తల్లి ఎసుంటిదో ఎరుక లేకపాయె. అడుగుదామంటే మీరెవ్వరు ఎదురు రాకపోతిరి. గంతే నా ఫికర్. ఇప్పుడు నిన్ను చూసిన, సాలు."

శ్రీశైలం వైపు చూశాను. "ఈ ముక్క నాకు ఎందుకు చెప్పలేదు?"

"చెప్పబోయిన. నువ్వు సగంలనే అర్థమైంది అని లేచిపోయినవ్" అన్నాడు.

పెళ్లయింది. రాష్ట్రం కూడా వచ్చింది. అత్తమ్మకు నేనంటే ప్రాణం. ఏ ఫంక్షన్‌కు పోయినా నా భుజం మీద చెయ్యి వేసి, కొత్తవాళ్లకు మనస్ఫూర్తిగా పరిచయం చేస్తుంది. "కోడలు అంటరు గని, మాకు బిడ్డనే. మిషన్ల పెట్టి చూస్తే గూడ బిడ్డ అనే వచ్చింది." వాళ్లు మా ఇద్దరి ముఖాలూ మార్చి మార్చి చూస్తారు. నేను నవ్వుతూ నిలబడతాను. శ్రీశైలం నీళ్లు తాగే నెపంతో పక్కకు పోతాడు.

కాబట్టి పాఠకుల సాక్షిగా, పుప్పాలగూడ అత్తమ్మ, ప్రొద్దుటూరు అమ్మ వింటుండగా ప్రమాణం చేస్తున్నాను. ఇక ఈ జన్మలో నా నోట్లో పుల్ల పెట్టే హక్కు పళ్లడాక్టరుకు తప్ప ఎవరికీ లేదు. ఆయన కూడా అది పారేసేదాకా నేను ఆ గది వదిలి కదలను.