మరకల డాక్టరు అడవి ప్రయాణం

ఆ ఆసుపత్రిలో డాక్టర్లు పాతికమంది ఉన్నారు గానీ, మరకల డాక్టరు మాత్రం ఒక్కతే. ఆమె చదివింది పదో తరగతి. పనిచేసేది నేలమాళిగలో. అక్కడ కిటికీ అనేది లేదు. ఆరు పెద్ద ఉతికే మిషన్లు, మంచమంత ఇస్త్రీ రోలరు, పొద్దున ఏడు నుంచి మూడింటిదాకా ఆవిరి. పై అంతస్తుల్లో జరిగే ప్రతి కాన్పూ, ప్రతి ఆపరేషనూ చివరికి ఒక దుప్పటి రూపంలో ఆమె ముందుకు రావలసిందే. మరక చూసి అది ఏ వార్డు నుంచి దిగిందో చెప్పేది. రక్తానికి చన్నీళ్ళే తప్ప వేడినీళ్ళు తగలకూడదన్నది కొత్తవాళ్ళకు ఆమె చెప్పే మొదటి పాఠం. ఆమె చేతిమీదుగా వెళ్ళిన దుప్పటి మల్లెపువ్వులా ఉంటుందని నర్సులు అంటే పైకి మూతి ముడిచేది, లోపల పొంగిపోయేది. అడుసు తొక్కనేల, కాలు కడగనేల అన్న సామెత ఒక్కటే ఆమెకు గిట్టదు. లోకమంతా అడుసు తొక్కడం మానేస్తే మా ఉద్యోగాలేం కావాలి అని అడిగేది.

అలాంటి మనిషి ఉన్నట్టుండి ఒకరోజు, ఇద్దరు పిల్లల్నీ వేసుకుని నేషనల్ పార్కుకి వెళ్తానని ఇంట్లో ప్రకటించింది. పిల్లలంటే పెద్ద పిల్లలు కారు. కూతురికి మూడున్నరేళ్ళు. ఇంట్లో పిడుగు అంటారు, ఎందుకో చెప్పనక్కర్లేదు. కొడుకు పది నెలల చంటాడు.

అత్తగారు వింటూనే, పెళ్ళికి వెళ్తూ పిల్లిని చంకన పెట్టుకున్నట్టు ఈ పసివాళ్ళతో అడవేమిటని నోరు నొక్కుకుంది. పదేళ్ళొచ్చాక తీసుకెళ్తే నాలుగు కాలాలు చెప్పుకుంటారు, ఇప్పుడు చూసింది ఇంటికొచ్చేలోపే మర్చిపోతారు అంది. అత్తగారిది అడ్డగోలు మాటేం కాదు. ఎవరిని అడిగినా అదే చెబుతారు. అత్తగారికి జవాబు చెప్పాలంటే కోడలు ఒక అబద్ధం సంగతి బయటపెట్టాలి. అది ఆమె భర్తకు తప్ప ఎవరికీ తెలియదు.

ఆమె తండ్రి లారీ డ్రైవరు. ఆమెకు మూడేళ్ళప్పుడు ఒకసారి లారీలో తనతో తీసుకెళ్ళాడు. దారిలో అడవి వచ్చింది. రోడ్డు పక్క లారీ ఆపి, కూతుర్ని భుజాల మీద ఎక్కించుకుని ఏనుగును చూపించాడు. "నా జుట్టు రెండు గుప్పిళ్ళా పట్టేసుకున్నావమ్మా, ఊపిరి కూడా తీయలేదు" అని వచ్చినవాళ్ళందరి ముందూ చెప్పేవాడు. చెప్పి, కూతురి వైపు తిరిగి అడిగేవాడు, ఏనుగు గుర్తుందా అని. ఉంది అనేది. ఎలా ఉంది అంటే, పెద్దగా అనేది. ఆయన కడుపారా నవ్వేవాడు. నిజానికి ఆమెకు ఒక్క ముక్క గుర్తులేదు. ఏనుగూ లేదు, అడవీ లేదు, ఆయన భుజాలూ లేవు. ఏడేళ్ళప్పుడు ఉంది అంది, పదిహేనేళ్ళప్పుడూ ఉంది అంది. ఆమెకు ఇరవై నిండకుండానే ఆయన వెళ్ళిపోయాడు. అబద్ధం మాత్రం ముల్లులా లోపలే ఉండిపోయింది. ఇప్పుడు పిడుగు ఇంచుమించు ఆ వయసుకొచ్చింది. పిల్లతో ఒక్కసారి అలాంటి ఏనుగు ముందు నిలబడితే పోయిన జ్ఞాపకం తిరిగొస్తుందేమో, తండ్రికి చెప్పిన మాట ఆలస్యంగానైనా నిజమవుతుందేమో అని ఆమె ఆశ.

పార్కువాళ్ళకు రాస్తే జవాబొచ్చింది. అయిదేళ్ళలోపు పిల్లల్ని అడవిలో నడవనివ్వరు, జంతువుల్ని చూపించే జీపు ఎక్కనివ్వరు. వాళ్ళకని ఉన్నది ఒక్కటే చోటు, నీటిగుంట ఒడ్డున మంచె, అక్కడిదాకా వాళ్ళే దించుతారు. రోజుకు ఒకటే కుటుంబం, తెల్లవారిన తర్వాత రెండు గంటలు. వీళ్ళకు ఇచ్చిన తేదీ మూడు నెలల తర్వాత. అది తప్పితే మళ్ళీ ఏడాదికి గానీ వంతు రాదు. అప్పటికి పిడుగు ఇంత పిల్లగా ఉండదు.

ఇక చూడాలి ఏర్పాట్లు. వంటింటి తలుపు వెనక ఒక పట్టిక అతికించింది. ఎవరు ఎప్పుడు తింటారు, ఎప్పుడు తడుపుతారు, ఎప్పుడు నిద్రపోతారు, ఎప్పుడు కారణం లేకుండా ఏడుస్తారు, అన్నీ రెండు వారాలు రాసింది. తేలిందేమిటంటే, ఇద్దరూ ఒకేసారి మెలకువగా, ఒకేసారి సంతోషంగా ఉండేది రోజు మొత్తంలో గంటా నలభై నిమిషాలు. అదీ సాయంత్రం పూట. దాన్ని తెల్లవారుజాముకు జరపాలని వారానికి గంట చొప్పున వాళ్ళ నిద్రలు వెనక్కి నెడుతూ వచ్చింది. పిడుగు లొంగింది. చంటాడు మాత్రం పట్టికను ఒక్కనాడూ లెక్కచేయలేదు.

మొగుడు లిఫ్టు మెకానిక్కు. అతనికి ఏది చూసినా బరువే కనిపిస్తుంది. ప్రతి సంచీ తూకం వేసి, ఇంత మోస్తే బండి కదలదని తీసిపారేసేవాడు. ఆమె మళ్ళీ పెట్టేది. చివరికి తన ఆసుపత్రి విద్య బయటికి తీసింది. ఆపరేషన్ గదికి పంపే మూటకు ఒక పద్ధతుంది. ఆఖరున కావలసింది అడుగున, మొదట కావలసింది పైన, చుట్టిన గుడ్డే విప్పి పరిస్తే శుభ్రమైన పక్క అవ్వాలి. అదే పద్ధతిలో పదకొండు మూటలు కట్టింది. ఒక్కోదానికి ఒక్కో చీటీ. ఒకదాని మీద "బస్సు, వాంతి" అని, ఇంకోదాని మీద "పొద్దున, తడి" అని, అన్నిటికన్నా జాగ్రత్తగా కట్టినదాని మీద ఒక్క మాట, "అడవి" అని.

పార్కు ఉత్తరం చివర, అడవికి తగిన బట్టలు వేసుకురావాలని ఉంది. పాత బట్టలేవో వేసుకుందాం అన్నాడు మొగుడు. ఆమెకు కోపమొచ్చింది. ఎంత గొప్ప చోటికి వెళ్తే అంత శుభ్రంగా వెళ్ళాలని పన్నెండేళ్ళుగా నేర్చుకున్న మనిషి. ఆపరేషన్ గదిలోకి పాత చొక్కాతో వెళ్తారా? కొత్త తెల్లగుడ్డ తెచ్చి నలుగురికీ రెండేసి జతలు కుట్టించింది, టోపీలతో సహా. మూడుసార్లు ఉతికి "అడవి" మూటలో పెట్టింది. ఆ తెలుపు చూస్తే కళ్ళు చెదరాల్సిందే.

బస్సులో అయిదు గంటలు. "బస్సు, వాంతి" మూట మొదటి గంటలోనే రెండుసార్లు విప్పాల్సొచ్చింది. సాయంత్రానికి పార్కు అతిథిగృహం దగ్గర దిగారు. దిగిన మొగుడు బ్యాగు కింద పెట్టడం మరిచిపోయి తల పైకెత్తాడు. ఎదురుగా ఉన్న చెట్టును కింది నుంచి పైకి చూసి, పన్నెండు అంతస్తులు ఉంటుంది అన్నాడు, గొంతు బాగా తగ్గించి. కాసేపటికి మళ్ళీ అతనే, "అంతెత్తుకి నీళ్ళు ఎక్కుతున్నాయే, ఒక్క మోటారు చప్పుడైనా లేదు" అన్నాడు. అలాంటి చెట్లు కనుచూపు మేర ఉన్నాయి. తెలుపులో ఎన్ని తెలుపులుంటాయో ఆమెకు తెలుసు, పచ్చలో ఇన్ని పచ్చలుంటాయని ఆ క్షణం దాకా తెలియదు. పన్నెండేళ్ళు నేల కింద గడిపిన కళ్ళు కదా, ఆ వెలుతురుకి తట్టుకోలేక నీళ్ళు కారాయి. పిడుగు ఒక్కతే కులాసాగా, ఈ చెట్లకి ఎవరు నీళ్ళు పోస్తారని అడిగింది.

మర్నాడు తెల్లవారుతుండగా నలుగురూ తెల్లగా మెరిసిపోతూ జీపు దిగి, మంచె కాపలాదారు ముందు నిలబడ్డారు. ఆయన వీళ్ళను ఎగాదిగా చూసి తల అడ్డంగా ఊపాడు. "ఈ బట్టలతో ఎక్కనివ్వనమ్మా."

"ఉతికినవే అన్నా," అంది ఆమె. "మూడుసార్లు ఉతికాను."

"అదేనమ్మా ఇబ్బంది. ఈ తెలుపు అంత దూరం నుంచి కనిపిస్తుంది. ముందు జింకలు బెదురుతాయి. అవి బెదిరితే వాటి వెనక ఒక్కటీ నీళ్ళకు దిగదు. మీరు చూడకపోవడం అటుంచండి, పాపం వాటికి దాహం."

వేరేవి మార్చుకోమన్నాడు. తెచ్చిన రెండో జతా తెలుపే. బస్సులో వేసుకున్న బట్టల కోసం అతిథిగృహానికి వెళ్ళి రావాలంటే గంట. జీపు వెళ్ళిపోయింది కూడా. మొగుడు భార్య ముఖం చూసి, చంటాణ్ణి ఒక భుజం నుంచి ఇంకో భుజానికి మార్చుకున్నాడు. మూడు నెలల పట్టికా, పదకొండు మూటలూ, తండ్రి ఏనుగూ, అన్నీ తన చేతి తెలుపు వల్లే చెడ్డాయి.

దారి పక్కన గుంటలో నీరు తగ్గిన చోట నల్లటి బురద ఉంది. ఆమె దాన్ని ఒక నిమిషం చూసింది. తర్వాత వంగి, రెండు చేతులూ మణికట్ల దాకా అందులో ముంచింది. మొదట తన భుజానికే రాసుకుంది. ఆపైన తన ఒళ్ళంతా. పిడుగును దగ్గరికి లాక్కుని చొక్కా నిండా పామడం మొదలుపెట్టింది. పుట్టినప్పటి నుంచీ బురద ముట్టుకున్నందుకు తిట్లు తిన్న పిల్ల అది, నిర్ఘాంతపోయి తల్లిని చూసింది. "అమ్మా, నువ్వేనా?" అంది మెల్లగా.

మొగుడి వీపు, చంటాడి టోపీ, పాలసీసా సంచీ, అన్నీ అయ్యాయి. కాపలాదారు ఆమె చుట్టూ ఒకసారి తిరిగి, ఎడమ భుజం వెనక కొంచెం మిగిలిందమ్మా అన్నాడు. అదీ పూసింది. ఏ పని చేసినా సగంలో వదిలే మనిషి కాదు.

మంచె మెట్లెక్కుతూ మొగుడు బోల్టులు ఒక్కొక్కటే తట్టి చూసుకున్నాడు. చంటాడు పైకెక్కగానే నిద్రపోయాడు. అరగంట గడిచింది, ఏమీ రాలేదు. పిడుగు చేతి మీద ఎండిన బురద పెచ్చులు పీక్కుంటూ కూర్చుంది. జింకలు వచ్చాయి, బెదరకుండా తాగి వెళ్ళాయి. ఆ తర్వాత పక్షుల కూతలన్నీ ఒక్కసారిగా ఆగిపోయాయి. కాపలాదారు వేలు పెదవుల మీద పెట్టుకుని, అవతలి ఒడ్డు చూపించాడు.

చెట్ల మధ్య నీడ ఒకటి కదిలింది. కదిలి, ఏనుగైంది. దాని వెనక ఇంకోటి. చూస్తుండగా పదకొండు. అంతంత శరీరాలు నడిచొస్తుంటే ఒక్క అడుగు చప్పుడు వినిపించలేదు. అదే ఆమెకు అన్నిటికన్నా ఆశ్చర్యమైంది, భయం కూడా వేసింది. అడ్డుచెక్క మీంచి పిడుగుకి కనిపించడం లేదు. ఎత్తి భుజాల మీద కూర్చోబెట్టుకుంది. ఏనుగులు నీళ్ళలోకి దిగాయి. వాటిలో ఒక తల్లి తొండంతో నల్లటి బురద తీసి, కాళ్ళ మధ్య దాక్కున్న గున్న వీపు మీద చల్లింది. గున్న గింజుకుంది. తల్లి వదల్లేదు, రెండో పక్కా చల్లింది. మొగుడు తిరిగి భార్య చేతులకేసి చూశాడు.

సరిగ్గా అప్పుడు పిడుగు ఆమె జుట్టు రెండు గుప్పిళ్ళా పట్టేసుకుంది. కుదుళ్ళు లాగేసినంత నొప్పి. గుండెల మీద వేలాడుతున్న ఆ చిన్న పాదాలు రాయిలా బిగుసుకుపోయాయి. పిల్ల ఊపిరి వినిపించలేదు. నిమిషం ఆగని నోరు, ఆగిపోయింది.

ఆమె జ్ఞాపకం కోసం వెతికింది. ఇప్పుడు రావాలి, ఇప్పుడు తలుపు తెరుచుకోవాలి అనుకుంది. ఏదీ రాలేదు. ఎదురుగా ఉన్నది జీవితంలో మొదటిసారి చూస్తున్న ఏనుగు, అంతే. కళ్ళ వెంట నీళ్ళు కారి చెంపల మీది బురద కరుగుతున్నా తుడుచుకోలేదు. పిల్ల కాళ్ళు పట్టుకున్న చేతులు వదలబుద్ధి కాలేదు. ఏనుగులు ఎంతసేపు ఉన్నాయో ఎవరూ గడియారం చూడలేదు. ఎలా వచ్చాయో అలాగే చెట్లలో కలిసిపోయాయి. చంటాడు అప్పుడు లేచి పాలకోసం ఏడ్చాడు.

ఇంటికొచ్చాక అత్తగారు మనవరాల్ని ఒళ్ళో కూర్చోబెట్టుకుని, అడవిలో ఏం చూశావే అని అడిగింది. పిడుగు ఆలోచించకుండా, అమ్మ నాకు బురద పూసింది అని చెప్పింది. ఇంకేం చూశావంటే, నాన్నకి కూడా పూసింది అంది. ఆ భాగ్యానికి అంత దూరం ఎందుకమ్మాయ్, మన వీధి చాలదూ అని అత్తగారు పకపకా నవ్వింది. కోడలూ నవ్వింది గానీ, గుండెలో కలుక్కుమంది. తండ్రికి చెప్పిన అబద్ధాన్ని నిజం చేయబోయి చేయలేకపోయింది. ఇప్పుడు పిల్లా మర్చిపోతుంది. ఆ బట్టలు నానబెట్టి ఉతికింది. మరకల డాక్టరు మరి, మళ్ళీ మల్లెపువ్వుల్లానే వచ్చాయి. అడవి ఆనవాలు ఒక్క దారంలోనూ మిగల్లేదు.

ఏడాది తిరిగింది. ఒక సాయంత్రం ఆరిన బట్టలు మడతపెడుతుంటే, పిడుగు పక్కనే కూర్చుని మేజోళ్ళు జతచేస్తోంది. తల్లి నోట్లోంచి మాట దానంతటదే వచ్చింది. "ఏనుగు గుర్తుందా అమ్మా?"

పిడుగు మేజోడు పట్టుకుని ఆగింది. తల్లి ముఖంలోకి చూసింది. అక్కడ ఏం కనిపించిందో ఏమో, "ఉంది" అంది.

"ఎలా ఉంది?"

మళ్ళీ అదే చిన్న ఆగడం. "పెద్దగా."

ఆమె చేతిలో దుప్పటి సగం మడతలో నిలిచిపోయింది. ఆ రెండు ఆగడాలూ ఆమెకు స్పష్టంగా వినిపించాయి. ఏ తల్లికి వినిపించవు? ఏ తండ్రికి మాత్రం వినిపించవు? తనకేదీ గుర్తులేదని తన తండ్రికీ తెలుసు. ఏడేళ్ళప్పుడూ తెలుసు, పదిహేనేళ్ళప్పుడూ తెలుసు. తెలిసే అడిగాడు, తెలిసే అంత నవ్వూ నవ్వాడు. గుర్తుంచుకునే పని పిల్లకు అప్పజెప్పలేదు ఆయన. ఆ జ్ఞాపకాన్ని, పిల్ల రెండు గుప్పిళ్ళా పట్టుకున్న తన జుట్టులోనే దాచుకున్నాడు.

ఇన్నేళ్ళ ముల్లు ఎటు పోయిందో తెలియలేదు. ఆమె కడుపారా నవ్వింది, కళ్ళు తడిసేదాకా. అవును తల్లీ, చాలా పెద్దగా ఉంది అంది. పిడుగుకి తన అబద్ధం చెల్లిందని ధైర్యం వచ్చి, తనూ నవ్వుతూ ఇంకో మేజోడు అందుకుంది.