మూడు సైకిళ్ళ ఇండెంటు

ఇరవై మూడేళ్ళ వయసులో నాకు తెలియని విషయమంటూ ఒక్కటీ ఉండేది కాదు. ఇప్పుడు తలుచుకుంటే ఆ కుర్రాడి మీద కాస్త ముచ్చటా, కాస్త భయమూ కలుగుతాయి. రాయ్‌పూర్‌లో ఉండే మాకు రాజధాని ఇంకా నాగపూరే అయిన రోజులవి. తెలీబంధా చెరువు దగ్గరికి వెళ్తే ఊరు దాటామనుకునేవాళ్ళం, టాటీబంధ్ అయితే ఏకంగా పొరుగూరే. స్టేషను పక్క రైల్వే క్వార్టర్లలో మాత్రం విజయనగరం ముక్క ఒకటి తెచ్చి అతికించినట్టుండేది. ఇళ్ళలో తెలుగే మాట్లాడేవాళ్ళం కానీ, అందులో సగం హిందీ అని బయటి తెలుగువాళ్ళెవరైనా చెబితే తప్ప మాకు తెలిసేది కాదు. నేను అర్థశాస్త్రంలో ఎం.ఏ. ప్యాసై, కాలేజీలో మా ప్రొఫెసరు గారి చుట్టూ తిరుగుతున్నాను. ఆయన బెంగాలీ, మేమందరం దాదా అనేవాళ్ళం. వాల్తేరు లైను వేసేటప్పుడు పలుగూ పారా పట్టుకుని వచ్చి ఇక్కడే ఉండిపోయిన మన గ్యాంగ్ కూలీలు ఊళ్ళెందుకు వదిలారు, ఎలా బతికారు అన్నది వాళ్ళ నోటితోనే చెప్పించి రాయాలని నా కోరిక. దాదాకి విషయం నచ్చింది. "ముసలివాళ్ళు పోకముందే రాయాలి. కానీ నీకివ్వడానికి యూనివర్సిటీ దగ్గర సుద్దముక్క కూడా లేదు. ఏదైనా ట్రస్టుని పట్టుకో" అన్నారు. పట్టుకోవడమెంతసేపు అనుకున్నాను నేను.

మా నాన్న రైల్వేలో హెడ్ క్లర్కు. ఆయన లెక్కలో పరిశోధన అంటే ఉద్యోగం రానివాళ్ళు చేసే పని. నేను దాదా చుట్టూ తిరుగుతుండగా ఆయన సాహెబుల చుట్టూ తిరిగి, పార్సిల్ ఆఫీసులో నాకో గుమాస్తా పని ఖాయం చేయించుకొచ్చారు. "నెల్లాళ్ళు మోహలత్ ఇస్తన్నాను. నీ ట్రస్టోళ్ళు మంజూరు సేస్తే సరి. నేదంటే నెల తిరిగిన సోమవారం పొద్దున్న మారుమాట్లాడకుండా డ్యూటీకి ఎక్కాలి" అన్నారు. నేను సరేనన్నాను. పార్సిల్ ఆఫీసు ముందు నుంచి వెళ్ళినప్పుడల్లా ఆ గోనె సంచుల వాసనకి ముక్కు మూసుకుని గబగబా దాటేవాణ్ణి కానీ, ఇంట్లో చెప్పలేదు. మంజూరవుతుందని నాకంత ధీమా.

గోల్ బజారులో గుడ్డల వ్యాపారం చేసే ఒక సేఠ్‌జీకి తండ్రి పేర ధర్మాదా ట్రస్టు ఉండేది. ధర్మశాలలూ, చలివేంద్రాలూ, గోశాలలూ దాని పనులు. ఆయనకి పంపాలని నేను చక్కటి హిందీలో ఒక ఉత్తరం రాసుకుని, కావలసిన వస్తువుల జాబితా దానికి జోడించాను. ఊరంతా తిరగడానికి ఒక సైకిలు, ఒక గొడుగు, ఒక లాంతరు, మూడు రీముల కాగితాలు. నాన్న అది చూసి మొహం చిట్లించారు. నా పరిశోధన ఆయనకి గిట్టదు, నిజమే. కానీ మా ఇంట్లోంచి ఒక దరఖాస్తు అలా బోసిగా బయటికి పోవడం ఆయన తట్టుకోలేకపోయారు. "ఇదేటి, ఇండెంటేనా? ఒరే, స్టోర్సుకి మూడడిగితే ఒకటిస్తారు. ఒకటడిగితే రసీదు ఇస్తారు. ఇటు తే" అని లాక్కుని, ఆఫీసుకి తీసుకెళ్ళి, నాలుగు ప్రతులు టైపు కొట్టించి తెచ్చారు. నేను చదవకుండా సంతకం పెట్టేశాను. (చదవకుండా సంతకం పెట్టే అలవాటు ఉండబట్టే పార్సిల్ ఆఫీసుకి పనికొస్తానని ఆయన తర్వాత చాలాసార్లు అన్నారు.)

మూడు వారాలకి పిలుపొచ్చింది. సేఠ్‌జీ గద్దీ మీద బాలీసుకి ఆనుకుని కూర్చున్నారు, పక్కన ముక్కు మీద కళ్ళద్దాలతో, లెక్కలు రాసే మునీమ్‌జీ. (మాటలన్నీ హిందీలోనే జరిగాయి, ఇక్కడ తెలుగులో పెడుతున్నాను.) "బేటా, ధర్మశాల కడితే జనం పడుకుంటారు. చలివేంద్రం పెడితే నీళ్ళు తాగుతారు. నీ రీసెర్చి పెడితే ఏం చేస్తారు?" అని అడిగారు సేఠ్‌జీ. ఇలాంటి ప్రశ్న కోసమే పుట్టినవాడిలా నేను అందుకున్నాను. సమాజమన్నాను, ఆర్థిక పరిణామమన్నాను, శ్రామిక వర్గపు వలసలన్నాను. మునీమ్‌జీ రెండుసార్లు ఆవులించారు. సేఠ్‌జీ మర్యాదగా చివరిదాకా విని, జాబితా చేతిలోకి తీసుకుని, "నువ్వొక్కడివి కదా. మూడు సైకిళ్ళు, మూడు గొడుగులు, మూడు లాంతర్లు, తొమ్మిది రీములు దేనికి?" అన్నారు.

నాన్న టైపు కొట్టించిన మూడింతల లెక్క నాకప్పుడు అర్థమైంది. ఇది మా రైల్వే ఆనవాయితీ అండి, మీరు కోసేస్తారని ముందే పెంచాం అని నిజం చెప్పేస్తే పోయేది. కానీ ఇరవై మూడేళ్ళవాణ్ణి కదా, "ఒక్కణ్ణి కాదు సేఠ్‌జీ, ముగ్గురం" అన్నాను. మిగతా ఇద్దరెవరన్నారు. "మా నాన్నగారూ, మా అప్పా" అన్నాను. (అప్ప అంటే మాకు అక్క.) సేఠ్‌జీ తల ఊపి, వాళ్ళ ఇంటి పద్ధతి చెప్పారు. గుడ్డలో ఎంతైనా బేరమాడతారట, దానంలో మాత్రం తాతల నాటి నుంచి బేరం లేదట. అడిగినది నిజమైతే మొత్తం ఇవ్వడం, అబద్ధమైతే నూలుపోగు కూడా ఇవ్వకపోవడం. "ఆదివారం పొద్దున్న తెలీబంధా చెరువు పక్క మైదానానికి వస్తాను. ముగ్గురూ సైకిళ్ళెక్కి కనిపించండి. చూసి సంతకం పెడతాను" అన్నారు. ఆ మర్నాడే సోమవారం, నేను డ్యూటీకి ఎక్కవలసిన రోజు. పైగా మా నాన్నకీ అప్పకీ సైకిలు తొక్కడం రాదు.

ఇంటికొచ్చి తలొంచుకుని చెప్పాను. అప్ప మాకు రెండు క్వార్టర్ల అవతలే కాపురముండేది, బావ గూడ్సు గార్డు. ఆవిడ పడీ పడీ నవ్వి, "నాను నేర్సుకుంటానురా, ఎన్నాళ్ళ నుంచో సర్దా" అంది. నాన్న మాత్రం తన దగ్గరున్న ఇండెంటు ప్రతి తీసి మొదటి నుంచీ చదివారు. ఆయన కదలకుండా కూర్చుంటే చాలు, సోమవారం నేను పార్సిల్ ఆఫీసులో ఉంటాను. అది ఆయనకీ తెలుసు, నాకూ తెలుసు. చివరికి, "ముప్పయ్యేళ్ళ సర్వీసులో నా ఇండెంటు ఒక్కటి కూడా అబ్జెక్షన్‌తో వాపస్ రానేదు. రేపు అయిదింటికి లేపు" అని లోపలికి వెళ్ళిపోయారు.

ఆ వారం రోజులూ స్టేషను దగ్గర అద్దె సైకిళ్ళ దుకాణంవాడికి పండగ. రోజూ తెల్లవారగానే రైల్వే మైదానంలో, ఫైళ్ళు కట్టే ఎర్ర టేపుతో పంచె కుచ్చిళ్ళు పిక్కకి బిగించుకుని నాన్న సైకిలెక్కేవారు. సీటు వెనక పట్టుకుని నేను పరిగెత్తేవాణ్ణి. నేను అలిసిపోతే అప్ప. (ఆవిడకి రెండు రోజుల్లోనే వచ్చేసింది, మూడో రోజున మాకు పాఠాలు చెప్పసాగింది.) "ముందుకి సూడు నాన్నా, సక్రం కేసి కాదు" అని అప్ప, "సూస్తన్నానే, నివ్వు వొగ్గకు" అని నాన్న. మోచేతులు గీరుకుపోయాయి. ఆఫీసులో అడిగితే మెట్ల మీద జారానని చెప్పుకున్నారు. శనివారానికి ఆయనకి తొక్కడం వచ్చింది. దిగడం మాత్రం రాలేదు.

ఆదివారం సేఠ్‌జీ మునీమ్‌జీతో కలిసి టాంగాలో వచ్చి, చెట్టు నీడన కుర్చీ వేయించుకుని కూర్చున్నారు. నేనూ అప్పా బుద్ధిగా రెండు చుట్లు తిరిగి, దిగి నిలబడ్డాం. నాన్న దిగలేదు. మూడో చుట్టు తిరుగుతుంటే సేఠ్‌జీకి అనుమానమొచ్చి, "బడే బాబూ, ఇలా రండి, ఒక మాట అడగాలి" అని పిలిచారు. "అడగండి సేఠ్‌జీ" అంటూ నాన్న ముందు నుంచే వెళ్ళిపోయారు. మళ్ళీ వచ్చేదాకా ఆగి, "ఈ రీసెర్చివల్ల ఎవరికి లాభం?" అని అడిగారు సేఠ్‌జీ. "చెబుతాను" అని నాన్న అవతలికి వెళ్ళారు. నా పని అయిపోయిందనుకున్నాను. తర్వాతి చుట్టులో, "మా అయ్య ఈ లైను వెయ్యడానికి వచ్చాడు సేఠ్‌జీ" అన్నారు. ఆ పై చుట్టులో, "ఎందుకొచ్చావని నేనెప్పుడూ అడగలేదు". మరో చుట్టు. "ఇప్పుడడుగుదామంటే ఆయన లేడు". తాతయ్య గ్యాంగ్ కూలీ అని మా ఇంట్లో ఎవరూ చెప్పుకునేవారు కాదు, నాన్న నోట ఆ మాట వినడం నాకదే మొదలు. నేను గంటసేపు ఉపన్యసించి చెప్పలేనిది ఆయన మూడు చుట్లలో చెప్పేశారు.

సేఠ్‌జీ మా జాబితా చేతిలోకి తీసుకున్నారు. "మా తాత రాజపుతానా నుంచి నడిచొచ్చాడట. ఎందుకో మాకూ తెలియదు" అని మునీమ్‌జీతో మెల్లగా అని, కలం అడిగారు. "ముందు వాళ్ళ నాన్నని ఎవరైనా దింపండి" అని కూడా అన్నారు. నేనూ, అప్పా, టాంగావాడూ కలిసి పట్టుకుని దింపాం.

సోమవారం పొద్దున్న నాన్న తన బల్ల ముందు కూర్చుని, తన చేత్తోనే, పార్సిల్ ఆఫీసు ఉద్యోగానికి మావాడు రాలేకపోతున్నందుకు చింతిస్తున్నామని రాశారు. నాలుగు ప్రతులు తీశారు. ఆ ఉత్తరం రాస్తున్నప్పుడు ఆయన మొహం చూడలేక నేను పెరట్లోకి వెళ్ళిపోయాను. తర్వాత రెండేళ్ళూ సేఠ్‌జీ ఇచ్చిన మూడు సైకిళ్ళ మీద ముగ్గురం తిరిగాం. ఆడవాళ్ళ కబుర్లు అప్ప పట్టుకొచ్చేది, ముసలివాళ్ళు నాకు చెప్పనివి నాన్నకి చెప్పేవారు. సాయంత్రం ఆయన వీధి మొదట్లో ఉండగానే "ఒరే, పట్టుకో" అని కేకేసేవారు. కలం పడేసి పరిగెత్తేవాణ్ణి. దిగడం ఆయనకి చివరిదాకా రాలేదు.

ఇప్పుడు పరిశోధనలకి సహాయమిచ్చే ఒక కమిటీలో నన్నూ కూర్చోబెట్టారు. కావలసినదానికి మూడింతలు రాసిన దరఖాస్తులు బోలెడు వస్తాయి. పక్కవాళ్ళు ఎర్ర పెన్సిలు తీస్తే నేను వద్దంటాను. ఏ ప్రశ్నకీ తడుముకోకుండా గడగడా జవాబు చెప్పే కుర్రాడు ఎదురుగా కూర్చుంటే మాత్రం, వాడి ధీమా చూసి నవ్వొస్తుంది. వాడి మాటలు సగమే వింటూ, వీడికోసం ఇంటి దగ్గర ఎవరు సైకిలు నేర్చుకుంటున్నారో అనుకుంటాను.