పోచమ్మ గుడిలో తూగని బెల్లం

దయ్యం కనిపించిందనీ, దేవత పలికిందనీ ఎవరైనా చెబితే నేను అడిగే ప్రశ్న ఒక్కటే: తూచి చూశారా? ఈ మాటకు కొందరు నవ్వారు, కొందరు నన్ను నాస్తికుడన్నారు. అననివ్వండి. కాంటా ముల్లు నిలిచిన చోటనే నిజం నిలుస్తుందని నమ్మి బతికినవాణ్ణి. ఇప్పటికీ నా నమ్మకం అదే. కనుక ఇక్కడ రాస్తున్నదాన్ని భక్తికథగా చదవవద్దని ముందే మనవి.

అవి పంతొమ్మిది వందల ముప్పైల తొలి సంవత్సరాలు. బోధన్‌లో చక్కెర కార్ఖానా ఇంకా రాలేదు. ఆ చుట్టుపక్కల చెరకంతా గానుగాడి బెల్లమయ్యేది. ఆ బెల్లం కొనే ఒక సాహుకారు కొట్టులో నేను కాంటా పట్టేవాణ్ణి. నాకు అన్నం తెచ్చే తమ తల్లి వెంట మా పిల్లలిద్దరూ వచ్చేవారు. పెద్దది గంగామణి, చిన్నవాడు మల్లేశు. రాగానే కాంటా పళ్ళెంలోకి ఎక్కేవారు. దించే ముందు ఒక్కొక్కరినీ తూచేవాణ్ణి. ఆ అంకెలు నా మనసులోనే ఉండేవి. ఎవరికీ చెప్పవలసిన పని పడలేదు.

ఒక ఎండాకాలం మా వాడలో అమ్మవారు పోసింది. ఇప్పటివారు మశూచి అంటారు. పిల్లలిద్దరూ ఒకే మంచాన పడ్డారు. గంగామణి లేచింది. మల్లేశు లేవలేదు.

పిల్లలు మంచంలో ఉండగానే నా భార్య నర్సవ్వ నిజామాబాద్ పోచమ్మకు ఎత్తు బెల్లం, అంటే మనిషి బరువుకు సరితూగే బెల్లం, మొక్కుకుంది. మా వైపు మొక్కిన మాటను అది తీరేదాకా పూర్తిగా పైకి చెప్పరు; చెబితే చెల్లదంటారు. అందుకని నేనూ వివరం అడగలేదు, ఆమే చెప్పలేదు. మొక్కు తీరకపోతే మిగిలిన బిడ్డను కూడా అమ్మ పిలుచుకుంటుందన్న భయంతో ఆమెకు కూడు సయించడం మానింది. గంగామణిని చంక దించేది కాదు. ఒక పిల్లవాణ్ణి తీసుకున్న దేవతకు పైగా బెల్లం కూడానా అని నాకు మండింది. అయినా ఆ భయం ఇల్లు వదలాలంటే తూచి పారేయడమే మేలని తల్లీబిడ్డలను బండెక్కించుకుని బయలుదేరాను.

నిజామాబాద్‌లో మా సాహుకారుకు మరొక కొట్టు ఉంది. ఆ పొద్దున అక్కడే గంగామణిని తూచాను. పదిహేను సేర్లు. అవే తూకపు గుండ్లతో పదిహేను సేర్ల బెల్లం తూచి మూట కట్టించాను. గుడి కాంటాను పరీక్షించడానికి ఆ గుండ్లను కూడా బండిలో వేసుకున్నాను.

గుడి పసుపు బజారులో ఉంది. మిట్టమధ్యాహ్నం. పసుపు బండ్లు, హమాలీల కేకలు, మరాఠీ బేరాలు. గుడి ముందు పందిరి దూలానికి పెద్ద కాంటా వేలాడుతోంది. పూజ చేసే ముసలమ్మ కుమ్మరివారి ఆడపడుచు. నేను గుండ్లు దించి రెండు పళ్ళేలనూ సరిచూస్తుంటే ఆమె నడుం మీద చేతులు పెట్టుకుని నిలబడింది.

"ఏం పటేలా, అమ్మ కాంటా మీద గూడ అనుమానమేనా?"

"అమ్మ మీద కాదవ్వా, కాంటా కట్టినోళ్ళ మీద."

"సూసుకో బిడ్డా, సూసుకో. నా మొగుడు గూడ గిట్లనే. కూరల ఉప్పు జోకి తినేటోడు."

కాంటా సరిగ్గానే ఉంది. ఒక పళ్ళెంలో గంగామణిని కూర్చోబెట్టి, రెండో పళ్ళెంలో బెల్లం పెట్టాను. గంగామణి పళ్ళెం నేలను వదలలేదు.

పక్కన బండి ఆపుకున్న ఒకాయన నర్సవ్వను చూసి పకపకా నవ్వాడు. "పొద్దుగాల్ల బిడ్డకు ఎన్ని రొట్టెలు వెట్టినవక్కా?"

పళ్ళేలు మార్చి చూశాను. అదే తీరు. బెల్లం తీసి గుండ్లు పెట్టాను. గంగామణి పదిహేను సేర్లకే తూగింది. ఆమెను దించి బెల్లాన్ని గుండ్లతో తూచాను. అదీ పదిహేను సేర్లే. మళ్ళీ ఆమెకెదురుగా బెల్లం పెడితే ఆమె పళ్ళెం నేలకు దిగింది. రెండు వస్తువులు మూడోదానితో సమానమైనప్పుడు తమలో తాము సమానం కాకపోవడం ఏ లెక్కలోనూ లేదు.

అప్పుడు గంగామణి మొహం చిట్లించి అన్నది: "బాపూ, ఇరుకైతుంది. జర అటు జరుగుమను."

పళ్ళెంలో ఆమె తప్ప ఎవరూ లేరు.

నర్సవ్వ నేలమీద కూలబడింది. "ఇద్దరెత్తు మొక్కిన. ఇద్దరు మంచంల ఉండంగ మొక్కిన. వాడు పాయె. ఇగ వానెత్తు యాడ తెస్తమని ఊకున్న."

"పోయినోన్ని ఎట్ల జోకుతరే?" అన్నాను. నా గొంతు నాకే కటువుగా వినిపించింది.

"జోకేది నువ్వా, ఆమెనా?" అన్నది ముసలమ్మ. "బెల్లం తెప్పియ్యి."

"తెప్పిస్త. ముల్లు నిలిచినంక, పైన ఏసినంత నా గుండ్లతోని జోకుత. మోసం తేలితె గీ బజార్లనే చెప్త."

"చెప్పు. అమ్మకేం భయమా?"

ఎదుటి దుకాణం నుంచి బెల్లం ముద్దలు తెప్పించాను. ముసలమ్మ తూచకుండా ఒక్కొక్క ముద్దనే పళ్ళెంలో వేసింది. చివరికి ఒక చిన్న ముక్క విరిచి వేస్తే ముల్లు నిలిచింది. గంగామణి కాళ్ళు చాపుకుని కూర్చుంది.

పైన వేసిన బెల్లాన్ని వేరుచేసి నేనే తూచాను. పదకొండు సేర్ల పావు. నమ్మక మళ్ళీ తూచాను. పదకొండు సేర్ల పావే. జ్వరం రాకముందు కొట్టులో చివరిసారి నవ్వుతూ పళ్ళెం ఊపిన నాడు మల్లేశు తూగింది అంతే.

గాలి తగిలిందని, కొక్కెం పట్టేసిందని తరువాత నాకు నచ్చజెప్పినవారున్నారు. గాలి బజారంతటా వీస్తుంది. మా పిల్లవాడి బరువెంతో వెతుక్కుని వీయదు.

గంగామణి బతికింది, మనవలనెత్తింది. మొక్కు తీరినందుకని నర్సవ్వ అనేది. రోగం అంతకుముందే తగ్గిందని నేననేవాణ్ణి. ఆమె పోయేదాకా ఆ తగవు తెగలేదు.

ఆనాడు నేను చేతులు జోడించలేదు. తరువాతా జోడించలేదు. ఆ తల్లి ఉన్నదని ఒప్పుకోను. ఉన్నదే నిజమైతే నా కొడుకు గురించి ముందు ఆమె నాకు జవాబు చెప్పాలి. ఆ కాంటా సంగతి మాత్రం ఇన్నేళ్ళుగా నాకు తేలలేదు. మల్లేశు బరువు లోకంలో నాకొక్కడికే తెలుసుననుకుంటూ ఆ పందిరి కిందికి వెళ్ళాను.