పిడుగు బ్యాండు క్యాసెట్టు, నా నోటి దూల

నా తెలివితక్కువ పనులు చాలానే ఉన్నాయి గానీ, స్పీకర్లు పెట్టి మరీ అమలాపురానికి వినిపించింది ఒక్కటే. అదే చెబుతాను. నవ్వండి, పర్లేదు. అప్పుడే ఊరంతా నవ్వేసింది, మీరు కొత్తగా తీసే పరువేమీ మిగల్లేదు.

కాలేజీ రోజుల్లో మాకో రాక్ బ్యాండు ఉండేది. పేరు ‘పిడుగు’. నేను గిటారు, ప్రసాదు డ్రమ్ములు, సూరిబాబు పాట. మేం మొదలెడితే చుట్టుపక్కల కొబ్బరిచెట్ల మీద ఒక్క కాకి ఉండేది కాదు. తరవాత సూరిబాబు మస్కట్ వెళ్ళిపోయాడు, పిడుగు చల్లారిపోయింది. పదిహేనేళ్ళకి, అంటే తొంభై ఎనిమిదిలో, నెత్తిన జుట్టు పల్చబడ్డాక మాకు మళ్ళీ రోషం పొడుచుకొచ్చింది. ఆల్బమ్ వేద్దామనుకున్నాం.

"బానే ఉంది, పాడేదెవర్రా?" అన్నాడు ప్రసాదు.

ఓడలరేవు ఆటోస్టాండులో దొరికాడు చిన్నారావు. "అమలాపురం! అమలాపురం!" అని అతను కేకేస్తే అమలాపురంలో ఉన్నవాళ్ళు కూడా వచ్చి ఎక్కేసేవారు. పాతికేళ్ళవాడు. పదిహేను రోజులు ఆటో ఆపేసుకుని మాకు పాడాడు. ఏం చెప్పినా "ఆయ్, గురువుగారూ" అనేవాడు. బ్రహ్మాండంగా పాడాడండీ. అదే నా కడుపుమంట. రిహార్సల్ చూడ్డానికి వచ్చినవాళ్ళందరూ అతని నోటికేసే చూస్తుంటే, ఇక్కడ గిటారు పట్టుకుని గంతులేస్తున్న నేను మనిషిలా కనబడలేదా?

ఆ మంట ఎక్కడో ఒకచోట కక్కాలి కదా. అప్పట్లో గల్ఫులో ఉన్నవాళ్ళకి మేం ఉత్తరాలు రాసేవాళ్ళం కాదు, క్యాసెట్లో మాట్లాడి పంపేవాళ్ళం. ఇంటిల్లిపాదీ టేప్‌రికార్డరు చుట్టూ చేరి గేదె ఈనిన సంగతి దాకా చెప్పుకుని, అటు వెళ్ళేవాళ్ళెవరైనా దొరికితే ఆవకాయ సీసాతో పాటు చేతిలో పెట్టేవారు. నేనూ తలుపేసుకుని సూరిబాబుకి ఓ క్యాసెట్టు నింపాను.

ఆల్బమ్ ఆవిష్కరణ శుక్రవారం సాయంత్రం. ఆ పొద్దున నా బల్ల మీద రెండు క్యాసెట్లు. ఒకటి ఆల్బమ్, ఉన్నదే ఆ ఒక్క కాపీ. రెండోది నా ఉత్తరం. రెండూ ఒకే రకం, ఒకే రంగు. పేర్లు రాద్దామని పెన్ను తీసి గడియారం చూశాను. పదిన్నర! శుక్రవారం పదిన్నర నుంచి పన్నెండు దాకా రాహుకాలం. స్టేజీ ఎక్కి జుట్టు విదిలించి లోకాన్ని తగలబెట్టేస్తామని అరుస్తాం, నిజమే. అంతమాత్రాన ఆల్బమ్ పేరు రాహుకాలంలో రాసేస్తామా? పెన్నుకి మూత పెట్టేశాను.

పదకొండింటికి సూరిబాబు బావమరిది ఊడిపడ్డాడు. "రాత్రికి విమానమండి, కారు కూడా వచ్చేసిందండి. మా బావకేమన్నా ఇస్తారాండీ?"

"ఇదిగో బాబూ" అని ఎడంపక్క క్యాసెట్టు ఇచ్చేశాను. ఉత్తరం ఎడంపక్కదే అని నాకు నూటికి నూరుపాళ్ళు నమ్మకం.

సాయంత్రానికి హాలు నిండిపోయింది. ముందు వరసలో చిన్నారావు వాళ్ళమ్మ కొత్తచీర కట్టుకుని కూర్చుంది. ఆవిడ వెనక ఆటోస్టాండు మొత్తం. ముఖ్య అతిథిగా వచ్చిన మా పాత లెక్చరరుగారు మీట నొక్కారు. స్పీకర్లలోంచి నా గొంతు ఊడిపడింది.

"ఒరే సూరిబాబూ, ఎలా ఉన్నావురా?"

జనం చప్పట్లు కొట్టారు. లెక్చరరుగారు "కొత్త ప్రయోగం" అంటూ తలూపారు.

"నువ్వు లేక బ్యాండు ఉప్పులేని పప్పుచారైపోయిందిరా. ఓ ఆటోవాణ్ణి పట్టుకొచ్చాం. వాడు పాడుతుంటే ఆటో రివర్సులో వెళ్ళి గోడని గుద్దినట్టుంటుంది..."

నేను టేపు మీదకి దూకాను. ప్రసాదు అడ్డం నిలబడ్డాడు.

"ఆపరా బాబూ!"

"ఉండరా, నా పేరూ వినబడుతోంది."

వినబడింది మరి. "ప్రసాదుగాడు డ్రమ్ములు కొడితే ఇప్పటికీ మెట్ల మీంచి డబ్బాలు దొర్లించినట్టే. నువ్వొచ్చెయ్యరా. నువ్వొచ్చిన మర్నాడే ఆ కుర్రాణ్ణి మళ్ళీ ఆటోస్టాండుకి తోలేస్తాను."

అప్పుడు ప్రసాదే ఆపాడు.

చిన్నారావు లేచి నా దగ్గరికొచ్చాడు. కొడతాడేమోనని గిటారు అడ్డం పెట్టుకున్నాను. అతను చేతులు కట్టుకుని, "గురువుగారూ, ఆటో గోడని గుద్దితే చప్పుడు అలాగుండదండి. నేను రెండుసార్లు గుద్దేనండి" అన్నాడు.

వాళ్ళమ్మ మాత్రం ఊరుకోలేదు. "పదిహేను రోజులు బండి ఆపేసుకున్నాడండి మావోడు. ఇంటికొచ్చి రోజూ మీ గురించే చెప్పేవోడండి. బాగోకపోతే మొహమ్మీదే చెప్పొచ్చు కదండీ?" అని కొడుకు చెయ్యి పట్టుకుని వెళ్ళిపోయింది. బాగుందమ్మా, బాగుండడమే నా బాధ అని మనసులోనే చెప్పుకున్నాను. సిగ్గుతో చచ్చిపోయాను. ఆల్బమ్ మస్కట్ దారి పట్టింది, పాడేవాడు ఓడలరేవు దారి పట్టాడు.

నెల తిరిగేసరికి సూరిబాబు దగ్గర్నుంచి ప్రసాదు పేరున జవాబు క్యాసెట్టూ, మా ఆల్బమూ వచ్చాయి. ప్రసాదు వాటిని నా చేతికివ్వకుండా, నన్ను స్కూటరెక్కించుకుని ఓడలరేవు లాక్కుపోయాడు.

"ముందు క్షమాపణ చెప్పు" అన్నాడు.

స్టాండులో అందరి ముందూ చెప్పాను. "తప్పయిపోయింది బాబూ. నువ్వు బాగా పాడావు. నేను కుళ్ళుకున్నాను."

"ఆయ్" అన్నాడు చిన్నారావు. ప్రసాదు ఆ జవాబు క్యాసెట్టుని అతని ఆటో టేపులో పెట్టాడు. స్టాండంతా మూగింది.

"ఒరే ప్రసాదూ, ఆ పాడినాయనెవర్రా బాబూ! మా రూములో పదిమందిమీ రోజూ అదే వింటున్నాం. నేనొచ్చినా అలా పాడలేను, ఆయన్ని వదలొద్దు. ఒక్కటే లోపంరా. గిటారుకి ఎవణ్ణో కొత్తోణ్ణి పెట్టినట్టున్నారు, ఇంకా చెయ్యి తిరగలేదు పాపం. మనోడు మానేశాడా ఏంటి? కాళ్ళు పట్టుకునైనా సరే, మనోణ్ణే తీసుకురండి."

ప్రసాదు నాకేసి చూశాడు. స్టాండంతా నాకేసి చూసింది. చిన్నారావు తువ్వాలుతో ఆటో సీటు దులిపి, ఎంతో మర్యాదగా అన్నాడు:

"మీరు పెద్దోరండి. మిమ్మల్ని మానెయ్యమంటే కళ్ళు పోతాయండి. బాగా అలిసిపోయేరు. రండి, ఇలా కూర్చోండి."

కూర్చున్నాను. మరి లేవనివ్వలేదు. మరుసటి ఏడు ఆల్బమ్ కొత్త గిటారుతో మళ్ళీ తయారై కోనసీమంతా మోగింది. అట్ట మీద నా పేరూ వేశారు, ‘సలహాలు’ అని. ఇప్పటిదాకా ఒక్క సలహా అడిగినవాడు లేడు.

కనుక పాఠక మహాశయులారా, గోదావరి సాక్షిగా ఒట్టేసి చెబుతున్నాను. ఈ జన్మలో ఇంకెవరినీ క్యాసెట్లో తిట్టను. తిట్టక తప్పని పరిస్థితే వస్తే, మా పెద్దలు తిట్టినట్టే, మనిషి వీధి మలుపు తిరిగేదాకా ఆగి, నోటితోనే తిడతాను.