విమానంలో కదురు

ఎనభైల మొదట్లో ఒకసారి కోరుకొండ నుంచి రాజమండ్రికి బస్సులో వస్తున్నాను. పక్క సీటులో ఒక నేతగాడి భార్య ఒళ్ళో గోనెసంచి పెట్టుకుని కూర్చుంది. దారిలో చిన్న విమానం కనబడితే, బెంగుళూరులో నేను చేసే పని అలాంటివాటి మీదేనని చెప్పాను.

"దాంట్లో మీరేం చేస్తారండి?"

"మనుషులు కూర్చునే పొడుగాటి భాగం. ఫ్యూజిలాజ్ అంటారు. నూలు చుట్టిన కదురులా ఉంటుందని ఫ్రెంచివాళ్ళు పెట్టిన పేరు."

ఆవిడ సంచిలోంచి ఇనప కదురు తీసింది.

"ఇదేనాండి? మగ్గం అమ్మేశామండి. మా ఆయన హోటల్లో పిండి రుబ్బుతున్నారు. పేరు మాత్రం ఆకాశానికెళ్ళిందన్నమాట."

రాజమండ్రిలో దిగుతూ, పాత ఇనుము కొనే కొట్టు ఎటని ఆవిడ కండక్టర్ని అడిగింది.