నోటి పుండ్లు, నేను దాచిన జ్వరం

మధ్యాహ్న భోజనం గంజును పొయ్యి మీద నుంచి దించుతుంటే కుడి చంకలో ఏదో లాగింది. ఖానాపూర్ దగ్గర మా ఊరి బడిలో పదకొండేళ్లుగా వంట చేస్తున్నాను. ఎప్పుడూ అలా లాగలేదు. గంజు దించి, పిల్లలు వరుసలోకి రాకముందే గోడ చాటుకు పోయి చేత్తో తడిమి చూసుకున్నాను. చింతగింజంత గడ్డ. నొక్కితే నొప్పి లేదు, కదలనూ లేదు. నొప్పి లేదు కదా అని ఊరుకున్నాను. అలా రెండు నెలలు గడిచాయి.

తర్వాత రొమ్ములో కూడా గట్టిగా చేతికి తగిలింది. అప్పుడు మా ఆయన రాజన్నకు చెప్పాను. ఆయన పసుపు చేనుకు నీళ్లు పెట్టి అప్పుడే ఇంటికి వచ్చాడు. కాళ్ల బురద కూడా కడుక్కోలేదు.

"ఎన్ని రోజుల సంది ఉన్నదే?" అని అడిగాడు.

"పది పదిహేను రోజులైతున్నది," అన్నాను.

నిర్మల్‌లో స్కాన్ తీశారు. కరీంనగర్‌లో బయాప్సీ చేశారు. రిపోర్టు వచ్చిన రోజు డాక్టరమ్మ మమ్మల్ని ఇద్దరినీ కూర్చోబెట్టి, "విజయమ్మా, ఇది క్యాన్సరే. చంకలోకి పాకింది. ముందు కీమో ఇచ్చి గడ్డను చిన్నది చేద్దాం. ఆ తర్వాత ఆపరేషన్," అన్నారు. ఎనిమిది సైకిల్స్ అన్నారు. మా ఆయన ఆ మాట సరిగా వినలేదు. "ముందుగాల ఆపరేషనే చేసి తీసెయ్యరాదమ్మా?" అని రెండుసార్లు అడిగాడు. ఆమె రెండుసార్లూ ఓపికగా చెప్పారు.

చివర్లో ఆమె నన్ను ఒక మాట అడిగారు. "నోట్లో పుచ్చు పళ్లు ఏమైనా ఉన్నాయా? ఉంటే కీమోకు ముందే డెంటిస్టుకు చూపించుకోవాలి."

ఎడమవైపు కింది దవడ పన్ను ఎప్పుడో పుచ్చిపోయింది. ఏడాదికోసారి చిగురు వాచి తగ్గేది. రొమ్ములో క్యాన్సర్ ఉన్నప్పుడు పంటి గొడవ ఎందుకు అనిపించింది. "లేవమ్మా," అన్నాను.

మొదటి కీమో రోజు ఎర్రటి మందు ఎక్కించారు. పక్క కుర్చీలో మంథని నుంచి వచ్చిన సరోజక్క ఉంది. ఆమెకు అది నాలుగో సైకిల్. తలకు పచ్చ స్కార్ఫు కట్టుకుని, సిస్టర్ నా చేతికి సూది గుచ్చుతుంటే నా మొహం చూసి నవ్వింది.

"జుట్టు పోతదని ఫికర్ చెయ్యకు చెల్లే. అది మళ్లొస్తది. నోరు పైలం. నోరు పాడైతే మింగుడు బందైతది. మింగుడు బందైతే మనిషి నిలవడదు," అంది.

సిస్టర్ కూడా ఒక కాగితం ఇచ్చి చదివి వినిపించింది. మెత్తటి బ్రష్ వాడాలి. వేపపుల్ల వద్దు. కాచి చల్లార్చిన గ్లాసు నీళ్లలో చిటికెడు ఉప్పు, చిటికెడు వంటసోడా వేసి తిన్న ప్రతిసారీ, పడుకునే ముందూ పుక్కిలించాలి. కారం, పులుపు, వేడివేడివి తినొద్దు. జనంలోకి పోవద్దు. కాగితం మడిచి నా చేతిలో పెడుతూ ఆమె గట్టిగా చెప్పింది. "జ్వరం వంద పాయింట్ నాలుగు వచ్చిందంటే వెంటనే మాకు ఫోన్ కొట్టుండ్రి. ఇంట్లున్న గోళీ మాత్రం ఏసుకోకుండ్రి. గోళీకి జ్వరం దాక్కుంటది, ఇన్‌ఫెక్షన్ దాక్కోదు."

మొదటి సైకిల్ వాంతులతో, మలబద్ధకంతో గడిచింది. పదిహేనో రోజు తల దువ్వుకుంటే జుట్టు దువ్వెనతోపాటే వచ్చేసింది. రెండో సైకిల్ తర్వాత నాలుకకు రుచి పోయింది. నీళ్లు కూడా ఇనుప మొల చప్పరించినట్టు ఉండేవి. స్టీలు చెంచా నోట్లో పెడితే కడుపులో తిప్పేది. మా ఆయన అంగడి నుంచి ప్లాస్టిక్ చెంచా తెచ్చాడు. మజ్జిగ అన్నం మెత్తగా పిసికి పెట్టేవాడు. జీవితంలో ఎప్పుడూ పొయ్యి దగ్గర కూర్చోని మనిషి జొన్న గటక కాయడం నేర్చుకున్నాడు. మొదట్లో ఉండలు కట్టేది. నేను ఉండల్ని పక్కకు తీస్తుంటే, "రేపు మంచిగ కాస్త తియ్యి," అనేవాడు.

ఆ రెండో సైకిల్ రోజున సరోజక్క నాతో మాట్లాడలేదు. తువ్వాలు నోటికి అడ్డం పెట్టుకుని కూర్చుంది. పలకరిస్తే తల ఊపింది. తువ్వాలు తీసినప్పుడు పెదవుల మూలలు పగిలి, నాలుక మీద తెల్లగా పెరుగు పేరుకున్నట్టు కనిపించింది. నేను చూశానని తెలిసి మళ్లీ కప్పుకుంది.

మూడో సైకిల్‌కు పోయేసరికి ఆ కుర్చీలో ఇంకెవరో ఉన్నారు.

"సరోజక్క రాలేదా?" అని సిస్టర్‌ను అడిగాను.

"జ్వరమొచ్చి అడ్మిట్ అయింది. లేటుగ తీస్కొచ్చిండ్రు."

"ఇప్పుడు ఇంటికి పోయిందా?"

సిస్టర్ డ్రిప్‌లో పడే చుక్కల వేగం సరిచేసింది. "మందు ఎక్కుతున్నది, చెయ్యి కదిలించకు," అంది.

నాకు అర్థమైంది. కానీ తప్పుగా అర్థం చేసుకున్నాను. జ్వరం వచ్చిందని చెబితే అడ్మిట్ చేస్తారు, అడ్మిట్ అయినవాళ్లు తిరిగి రారు. నా మనసులో పాతుకున్నది ఇదే. లేటుగా తీసుకురావడం అన్న మాట చెవిన పడింది గానీ లోపలికి పోలేదు.

ఆ మూడో సైకిల్ అయిన ఆరో రోజుకు నా నోట్లోనూ పుండ్లు లేచాయి. ముందు కింది పెదవి లోపల ఒకటి. మరునాటికి నాలుక అంచుల వెంట వరుసగా. పుచ్చు పన్ను ఆనుకున్న బుగ్గ లోపల ఒక పెద్ద పుండు. ఉమ్మి మింగాలన్నా ముందు కళ్లు మూసుకుని సిద్ధపడాల్సి వచ్చేది. ఉప్పునీళ్లు మండుతున్నాయని రోజుకు ఒకసారికి తగ్గించాను. తర్వాత అదీ మానేసి, పుక్కిలించినట్టు బాత్రూంలో చప్పుడు చేసి వచ్చేదాన్ని. మా ఆయన బయట వింటున్నాడని తెలుసు.

అదే వారంలో నిర్మల్ నుంచి మా బిడ్డ స్వప్న ఫోన్ చేసింది. అల్లుడు దుబాయ్ నుంచి సెలవు మీద వచ్చి ఉన్నాడు. ఆయన మళ్లీ విమానం ఎక్కేలోపు మనవరాలు మేఘనకు బాసరలో అక్షరాభ్యాసం చేయించాలని రోజు పెట్టుకున్నారు.

"నువ్వు రాకే అవ్వ. జనం మస్తుంటరు. ఫోన్ల చూపిస్త," అంది స్వప్న.

"వస్త," అన్నాను. ఇంకోసారి ఇలాంటి రోజుకు నేను ఉంటానో లేదో అన్న మాట ఆమెకు చెప్పలేదు.

బాసర పోయే పొద్దున లేవగానే ఒళ్లంతా పెనం మీద కాల్చినట్టుంది. థర్మామీటర్ పెట్టుకుంటే నూటొకటి దాటింది. దాన్ని ఆపి, కడిగి, డబ్బాలో పెట్టాను. సంచిలో జ్వరం గోళీల పట్టీ ఉంటే ఒకటి వేసుకున్నాను. అది గొంతు దిగేటప్పుడు పుండ్ల మీద గీసుకుంటూ పోయింది.

మా ఆయన స్నానం చేసి వచ్చాడు. "ఎంతున్నదే?"

"తొంభై ఎనిమిది."

నా మొహం వైపు చూశాడు. "ఒళ్లు మంచిగుందా మరి?"

"మంచిగనే ఉంది. నడువు, స్వప్నోళ్లు ఎదురుచూస్తుంటరు."

కారులో నిర్మల్ దాటేసరికి చెమటలు పట్టి జ్వరం దిగింది. నాకు ధైర్యం వచ్చింది. గుడి దగ్గర వరుస చాలా పెద్దగా ఉంది. ఎవరో దగ్గుతున్నారు, ఎవరో పిల్లలు తుమ్ముతున్నారు. నేను మాస్కు పెట్టుకుని స్వప్న భుజం పట్టుకుని నిలబడ్డాను. కాళ్ల కింద నేల అప్పుడప్పుడూ మెత్తబడినట్టు అనిపించింది. మంచినీళ్లు తాగుతానని పక్కకు పోయి రెండో గోళీ వేసుకున్నాను.

మేఘన తండ్రి ఒళ్లో కూర్చుని పలక మీద బియ్యంలో వేలు పెట్టి రాసింది. నేను చూశాను. ఆ ఒక్క క్షణం నా నోరు నాకు గుర్తు రాలేదు. తర్వాత ప్రసాదం తీసుకొచ్చి, "అమ్మమ్మ, నోరు తెరువు," అంది. మాస్కు దించి, చిన్నదాని కోసం నోరు తెరిచాను. అది లోపలికి చూసి, ప్రసాదం కింద పడేసి, ఏడుస్తూ వాళ్లమ్మ కొంగులో దూరింది. స్వప్న వచ్చి నా నోట్లోకి చూసింది. పాలిపోయిన మొహంతో వాళ్ల బాపును, మా ఆయనను, పిలిచింది.

తిరుగు ప్రయాణంలో భైంసా దగ్గర వణుకు మొదలైంది. పళ్లు పళ్లకు కొట్టుకుంటుంటే బుగ్గలోని పుండు తెగి నోట్లో రక్తం నిండింది. మా ఆయన నా ఒంటి మీద చెయ్యి వేసి వెంటనే తీసేశాడు. నోరు తుడవడానికి గుడ్డ కోసం నా సంచి వెతికాడు. అందులో రెండు గోళీలు తీసిన పట్టీ చేతికి వచ్చింది.

"గిదేందే విజయా?"

నేను మొహం కిటికీ వైపు తిప్పుకున్నాను.

"తొంభై ఎనిమిదన్నవు గదనే. నా మొకం జూసి చెప్పినవు గదా."

దాని తర్వాత నాకు ముక్కలు ముక్కలుగానే గుర్తుంది. నిర్మల్‌లో ఏదో ఆసుపత్రి, మంచం పక్కన ఎవరో బీపీ చూసి "పడిపోతున్నది" అనడం, అంబులెన్స్ కప్పు. కరీంనగర్‌లో మా డాక్టరమ్మ గొంతు మాత్రం స్పష్టంగా విన్నాను. "ఫెబ్రైల్ న్యూట్రోపీనియా. తెల్ల కణాలు నాలుగు వందలే ఉన్నాయి. ఐసీయూకి తీసుకోండి." ఇన్‌ఫెక్షన్‌ను అడ్డుకునే కణాలు పడిపోయినప్పుడు వచ్చే జ్వరాన్నే అలా అంటారని తర్వాత తెలిసింది.

ఐసీయూలో అయిదు రోజులు ఉన్నాను. తెల్ల కణాల కౌంట్స్ పెరగడానికి పొట్టకు ఇంజెక్షన్లు, యాంటీబయాటిక్స్, నోట్లో ఫంగస్‌కు చుక్కల మందు. మింగలేను కాబట్టి ముందు నాలుకకు మొద్దుబారే జెల్ రాసి, తర్వాత రెండు చెంచాల నీళ్లు పోసేవాళ్లు. ఎదురుగా ఉన్న మంచం మీది మనిషిని మూడో రోజు తెర కట్టి తీసుకుపోయారు. ఆ మంచాన్ని తుడిచి, కొత్త దుప్పటి వేసి, సాయంత్రానికి ఇంకొకర్ని పడుకోబెట్టారు.

వార్డుకు మార్చాక డాక్టరమ్మ వచ్చి కుర్చీ లాక్కుని కూర్చున్నారు.

"పన్ను పుచ్చిందని నాకెందుకు చెప్పలేదమ్మా? దాని కింద చీము ఉంది. నోరు పుండైతే తలుపు తెరిచినట్టే. క్రిములు నేరుగా రక్తంలోకి పోయాయి. పొద్దున జ్వరం చూసిన గంటలోనే ఫోన్ చేసి ఉంటే ఇంతదాకా వచ్చేది కాదు."

"సరోజక్కకు గిట్లనే అయిందా?" అని అడిగాను. నా మాట నాకే సరిగా వినపడలేదు.

ఆమె, "వాళ్లు రెండు రోజులు ఆలస్యం చేశారు," అన్నారు.

కౌంట్స్ పెరిగాక పన్ను తీశారు. తర్వాతి కీమో మూడు వారాలు వెనక్కి పోయింది, డోసు తగ్గించారు. ఆ ఎడంలో గడ్డ మళ్లీ పెరుగుతుందా అని అడిగితే డాక్టరమ్మ, "చెప్పలేనమ్మా. చూద్దాం," అన్నారు. ఆ మూడు వారాలు నేను రోజుకు ఎన్నిసార్లు చంక తడిమి చూసుకున్నానో నాకే తెలియదు. కొద్దిగా పెరిగింది కూడా.

ఇంట్లో మా ఆయన నాతో మాట్లాడడం తగ్గించాడు. కోపం కాదు. నేను చెప్పే ఏ మాటా ఆయన నమ్మలేకపోయాడు. థర్మామీటర్ తన చొక్కా జేబులో పెట్టుకున్నాడు. పొద్దున, సాయంత్రం తనే పెట్టి, తనే చదివి, కాగితం మీద రాసేవాడు. ఉప్పు, సోడా కలిపిన నీళ్లు తెచ్చి నా ఎదురుగా నిలబడేవాడు. నేను పుక్కిలించి ఉమ్మేదాకా కదిలేవాడు కాదు. మిగతా సైకిల్స్‌లోనూ పుండ్లు వచ్చాయి, అయిదో సైకిల్‌లో మళ్లీ జ్వరం వచ్చింది. ఆయన ఆ అంకె చూసిన వెంటనే ఆసుపత్రికి ఫోన్ చేశాడు. రెండు గంటల్లో బండిలో ఉన్నాం. ఆసారి నాలుగు రోజుల్లో ఇంటికి వచ్చాను.

ఆపరేషన్ అయింది, రేడియేషన్ అయింది. తీసిన గడ్డలను పరీక్ష చేస్తే, చంకలోని రెండు గ్రంథుల్లో క్యాన్సర్ ఇంకా మిగిలి ఉందన్నారు. ఇప్పుడు రోజూ ఒక మాత్ర వేసుకుంటున్నాను. కీమోతో వచ్చిన అరికాళ్ల తిమ్మిరి ఇంకా పోలేదు. నోరు త్వరగా ఎండిపోతుంది కాబట్టి నీళ్ల సీసా లేకుండా ఎక్కడికీ పోను. బడికి మళ్లీ పోతున్నాను, బరువులు మాత్రం తోటి ఆమె ఎత్తుతుంది. మేఘన నా పక్కన కూర్చుంటుంది గానీ, నేను ఆవులిస్తే ఇప్పటికీ మొహం తిప్పుకుంటుంది. వచ్చే నెలలో స్కాన్ ఉంది. ఏమంటారో తెలియదు.

ఇది చదువుతున్నవాళ్లలో కీమో తీసుకుంటున్నవాళ్లు ఉంటే ఒక్క మాట చెబుతాను. పుండ్లు వచ్చి నీళ్లు దిగకపోయినా, ఒళ్లు వెచ్చబడినా, గోళీ వేసుకోకముందే ఆసుపత్రికి ఫోన్ చేయండి. థర్మామీటర్ మాత్రం మీ దగ్గర ఉంచుకోకండి. మనకు భయం ఎక్కువ, ఆశ కూడా ఎక్కువ. రెండూ అబద్ధం చెప్పిస్తాయి. ఇంట్లో ఇంకొకరి చేతికి ఇవ్వండి, అంకె వాళ్లనే చదవనివ్వండి.