ముహూర్తానికి పుట్టిన నలభై మెషీన్లు

కరోనా తగ్గి థియేటర్లు మళ్లీ తెరుచుకున్న ఏడాది, శ్రావణ మాసంలో నేను ఫిల్మ్‌నగర్‌లోని ఒక గ్రాఫిక్స్ స్టూడియోలో కంప్లయన్స్ హెడ్‌గా, అంటే నిబంధనలు పాటిస్తున్నారో లేదో చూసే మనిషిగా, చేరాను. నిజానికి నా నియామక పత్రంలో ఉన్నది అంతకు మూడు వారాల ముందు తేదీ. ఆ రోజుకి చీర ఇస్త్రీ చేయించుకుని సిద్ధంగా ఉంటే, ప్రొడక్షన్ మేనేజర్ సత్తిబాబు ఫోన్ చేసి, ఆషాఢంలో కొత్తవాళ్లను చేర్చుకోం అన్నాడు. మేం క్రైస్తవులం, నాకు ఆషాఢం లేదండీ అన్నాను. “మీకు లేదు మేడమ్ గారూ, స్టూడియోకుందండీ,” అన్నాడు.

అంతకు ముందు ఇరవై ఆరేళ్లు ఒక బ్యాంకు ఇన్‌స్పెక్షన్ విభాగంలో పనిచేశాను. కంప్యూటర్ ఆడిట్ చూసే సీనియర్ మేనేజర్‌గా స్వచ్ఛంద విరమణ తీసుకున్నాను. స్టూడియోలో హెడ్ అన్నారు గానీ నా కింద ఒక్క మనిషి లేడు. లిఫ్టు పక్కన ఒక గది, అందులో వినాయకుడి పటం, పటం కింద నా కుర్చీ. అంతే నా విభాగం.

ఈ వృత్తి తెలియనివారి కోసం రెండు మాటలు. హీరో పచ్చ గుడ్డ ముందు తాడుకు వేలాడితే, ఆ తాడు చెరిపి, గుడ్డ స్థానంలో హిమాలయాలు పెట్టడం గ్రాఫిక్స్ వారి పని. దానికి బోలెడంత కంప్యూటర్ శక్తి కావాలి. అన్నీ కొనలేరు గనుక క్లౌడ్‌లో కిరాయికి తీసుకుంటారు. క్లౌడ్ అంటే పైన ఆకాశంలో ఏమీ ఉండదు. ఎక్కడో ఒక గోదాము నిండా ఎవరివో కంప్యూటర్లుంటాయి, అందులో మన వాటాను వర్చువల్ మెషీన్ అంటారు. పది నిమిషాల్లో పుట్టించవచ్చు, అంతకన్నా తొందరగా చంపేయవచ్చు.

విడుదలకు ముందే ఒక్క సీను బయటికి పొక్కినా నిర్మాత కొంప మునుగుతుంది. అందుకే అప్పుడు మాకు పని ఇచ్చిన పెద్ద సినిమా నిర్మాత ఒక షరతు పెట్టాడు. మెషీన్లన్నీ నిబంధనల ప్రకారం ఉన్నాయని సంతకంతో రిపోర్టు ఇస్తేనే సెకండాఫ్ ఫుటేజీ పంపుతానన్నాడు. ఆ సంతకం కోసమే నన్ను తెచ్చారు.

నేను రాసిన పరీక్షల ప్రోగ్రాం ఒక్కో మెషీన్‌ను ముప్ఫై ఒక్క ప్రశ్నలు అడుగుతుంది. డిస్కుకు తాళం ఉందా? ఇంటర్నెట్ మొత్తానికీ తలుపు తెరిచి ఉందా? అప్‌డేట్లు పడ్డాయా? అన్నిటికీ జవాబు మెషీనే చెప్పాలి, మనిషి నోరు విప్పే పని లేదు. పాసైతే ఆకుపచ్చ, ఫెయిలైతే ఎరుపు. బ్యాంకులో నేను నెల రోజులు బ్రాంచీల్లో కూర్చుని చేసే పని, ఇది నేను కాఫీ కలుపుకునేలోపు చేసేది. దాన్ని చూసి నాకు కొంచెం గర్వం ఉండేదని ఒప్పుకుంటాను.

మెషీన్లు పుట్టించే అధికారం ఉన్నది ఒక్క సిస్టమ్స్ ఇంజనీరు యాదగిరికే. ముప్ఫై ఏళ్లవాడు, కృష్ణానగర్‌లో గది. అతను అంతకు ముందు పనిచేసిన స్టూడియోలో ఒక పాట లీకైంది. అందులో అతని తప్పేమీ లేదని తర్వాత తేలింది. తేలేలోపు జరగవలసిందంతా జరిగింది. నేను చేరిన వారంలోనే అతను ఆ సంగతి చెప్పాడు. “తప్పెవలదైనా లాగిన్ నాదే ఉంటది మేడమ్. మూడొద్దులు ఠాణా సుట్టు తిప్పిండ్రు. ఏడాదిదాంక ఎవ్వరు పనియ్యలే. ఇంకోపారి నా పేరు బయటికొస్తే ఇగ ఈ లైన్ల నాకు బతుకు లేదు.”

ఇక నా తప్పు. బ్యాంకులో ఇన్‌స్పెక్షన్ అంటే చెప్పాపెట్టకుండా దిగడమే. ఇక్కడ మాత్రం పదిహేను రోజుల ముందే తేదీ చెప్పాను. క్లౌడ్‌లో దుమ్ము దులిపి ముగ్గు పెట్టడానికి ఏముంటుందిలే అనుకున్నాను. పైగా ఏయే మెషీన్లను పరీక్షించాలో ఆ పట్టిక ఇమ్మని సత్తిబాబునే అడిగాను. ఆయన ఎంతో వినయంగా నలభై మెషీన్ల పేర్లు పంపాడు. ఆయన గోదావరి జిల్లా మనిషి, పది మందికి భోజనం అంటే ఇరవై విస్తళ్లు వేయించే రకం. ఆయన వినయం చూసి నేను మురిసిపోయాను.

చెప్పిన రోజున ప్రోగ్రాం నడిపితే నలభైకి నలభై పచ్చ. ఒక్క ఎరుపు చుక్క లేదు. నా ఇరవై ఆరేళ్లలో అంత శుభ్రమైన బ్రాంచీని నేను చూడలేదు. చూసి ఉంటే ఆ మేనేజరును ఆ పూటే అనుమానించేదాన్ని.

ఫలితాల్లో ప్రతి మెషీనూ పుట్టిన సమయం ఉంటుంది. ఎవరూ దాని మొహం చూడరు. నేను చూశాను. నలభైకీ ఒకటే సమయం: గురువారం, మూడు గంటల నలభై రెండు నిమిషాలు. క్లౌడ్ గడియారం గ్రీనిచ్‌ది. మన ఐదున్నర గంటలు కలిపితే ఉదయం తొమ్మిదీ పన్నెండు. నలభై మందికీ ఒకటే జాతకం.

సత్తిబాబును పిలిచి, గురువారం తొమ్మిదీ పన్నెండుకి ఏం చేశారండీ అని అడిగాను. దొరికిపోయినట్టు ఆయన మొహంలో ఏ కోశానా లేదు. “ఆయ్, మంచి లగ్నమండీ అది. అయ్యవారిని కనుక్కునే పెట్టించాను. యాదగిరి పావుతక్కువ తొమ్మిదికే తయారైపోతే నేనే ఆపానండీ,” అన్నాడు. ఇన్‌స్పెక్షన్ కోసం కొత్త మెషీన్లు పుట్టించడం తప్పని ఆయనకు తోచనే లేదు. కథలో కోర్టు సీను ఉంటే కోర్టు సెట్ వేస్తారు. ఇన్‌స్పెక్షన్ ఉందన్నారు, ఇన్‌స్పెక్షన్ సెట్ వేశాడు. దానికి కొబ్బరికాయ కూడా కొట్టాడు.

నాకు నవ్వొచ్చింది, వెంటనే ఒళ్లూ మండింది. సంతకం పెట్టవలసింది నేను కదా.

అసలు మెషీన్లు ఎక్కడున్నాయో కనుక్కోవడానికి మూడో అంతస్తు ఎక్కాను. అక్కడ అరవై మంది తలలు వంచుకుని పనిచేస్తున్నారు. హీరో వీపు మీది తాడు చెరుపుతున్న ఒక అమ్మాయి పక్కన కూర్చుని, నువ్వు వాడుతున్న మెషీన్ పేరు చూపించమ్మా అన్నాను. ఆ పేరు నా పట్టికలో లేదు. పక్కవాడిదీ లేదు. వెనక్కి తిరిగితే యాదగిరి గుమ్మంలో నిలబడి ఉన్నాడు, మొహంలో నెత్తుటి చుక్క లేదు. “సార్ జెయ్యమన్నడు, జేసిన మేడమ్,” అన్నాడు. అసలు మెషీన్లన్నీ వేరే ఖాతాలో ఉన్నాయని అతనే కూర్చుని చూపించాడు.

ఆ ఖాతా మీద ప్రోగ్రాం నడిపితే తెర నిండా ఎరుపే. అన్నిటికన్నా ఘోరం ఒకటుంది. ఇంటర్వెల్ ఫైటు దాచిన ఫోల్డరు, లింకు తెలిసిన ఎవరైనా చూసేలా తెరిచి ఉంది. కారణం అడిగితే, డైరెక్టర్ గారు జూబ్లీహిల్స్‌లో పొద్దున నడక చేస్తూ ఫోన్‌లో షాట్లు చూస్తారట, పాస్‌వర్డ్ కొట్టడం ఆయనకు చిన్నతనంగా ఉంటుందట. ఆ తలుపును యాదగిరి చేత అప్పటికప్పుడే మూయించాను. మూసేలోపు బయటివాళ్లెవరూ తొంగిచూడలేదని, రాకపోకలు రాసిపెట్టే లాగ్ చెప్పింది. ఆ మాట చదివాకే నేను మంచినీళ్లు తాగాను.

చిక్కు రిపోర్టులో వచ్చింది. ప్రతి ఎరుపు గీత చివర ‘చేసినవారు’ అని ఒక గడి ఉంటుంది. లాగిన్ చూసి ప్రోగ్రామే దాన్ని నింపుతుంది. మొదటి పేజీ నుంచి ఆఖరి పేజీ దాకా ఒకటే పేరు, యాదగిరి. సత్తిబాబు కాగితాలు తిరగేసి స్థిమితపడ్డాడు. “మెషీన్ అబద్ధం చెప్పదు కదండీ. కుర్రాడు తొందరపడ్డాడు, పాపం,” అన్నాడు. ఆ ‘పాపం’ విన్నాక నాకు ఆయన మీదున్న కాస్త ముచ్చటా పోయింది.

పరీక్ష ఇచ్చిన ఫలితాన్ని ఆడిటరు దిద్దకూడదు. దిద్దితే సెట్ వేసినవాడికీ నాకూ తేడా లేదు. అందుకని యాదగిరి పేరు చెరపలేదు. పక్కన స్కేలు పెట్టి, పెన్నుతో ఇంకో గడి గీశాను. దానికి ‘చేయమన్నవారు’ అని పేరు పెట్టాను. ఫోల్డరు తెరిచిన గీత ఎదురుగా సత్తిబాబు పేరు రాసి, “యాదగిరీ, డైరెక్టర్ గారు నడకలో చూస్తారంట, తలుపు తీసెయ్యి,” అని ఆయన పంపిన వాట్సాప్ వాయిస్ మెసేజీని యాదగిరి ఫోన్ నుంచి తీసుకుని జతచేశాను. నలభై మెషీన్ల ఎదురుగా కూడా ఆయన పేరే రాశాను. దాని కింద, తేదీ ముందే చెప్పి, పట్టికను సరిచూడకుండా తీసుకున్నవారు అని నా పేరు రాశాను.

యాదగిరి అది చదివి, “మీ పేరెందుకు రాసుకున్నరు మేడమ్?” అన్నాడు. నిజం గనుక రాశానన్నాను. అతను కాగితాలు సర్ది నా బల్ల మీద పెట్టి వెళ్లిపోయాడు.

స్టూడియో ఓనరు గారు మంచివారే, కాకపోతే మొహమాటాలు పెట్టుకోరు. రిపోర్టు చదివి, యాదగిరిని ఆ రోజే పంపించేద్దామన్నారు. నిర్మాతకు ఏదో ఒక తల చూపించాలి కదా. “ఆ పెన్నుతో గీసిన గడి తీసెయ్యమ్మా, అది ప్రోగ్రాం ఇచ్చింది కాదుగా,” అన్నారు. పెన్నుతో రాసినవి తీసేయాలంటే నా సంతకమూ పెన్నుతో రాసిందేనండీ, అదీ తీసేస్తాను అన్నాను. సంతకం లేకపోతే ఫుటేజీ రాదు. ఆయన రిపోర్టును మళ్లీ మొదటి పేజీ నుంచి తిరగేశారు.

తర్వాత ఆయన వేసుకున్న లెక్క నాకు అర్థమైంది. ఆ కాగితం ప్రకారం ఒకరిని తీస్తే ముగ్గురినీ తీయాలి. ముగ్గురినీ తీస్తే సినిమా ఆగుతుంది. అందుకని ఎవరినీ తీయలేదు. దీన్ని న్యాయం అనను. యాదగిరికి మాత్రం ఉద్యోగం ఉంది, అతను పనిచేసి చూపించాడు. తొమ్మిది రోజుల్లో ఎరుపులన్నీ పచ్చబడ్డాయి. పట్టికను ఈసారి క్లౌడ్‌నే అడిగి తెప్పించుకుని, చెప్పకుండా పరీక్షించి, సంతకం పెట్టాను. ఫుటేజీ వచ్చింది. డైరెక్టర్ గారు పాస్‌వర్డ్ నేర్చుకున్నారు, నాతో మాట్లాడడం మానేశారు. రెండేళ్ల తర్వాత నేను విరమించినప్పుడు శాలువా కప్పింది సత్తిబాబే, ఆ సమయం కూడా ఆయన చూసిందే.

ఈ ఉదంతం నుంచి వృత్తిపరంగా నేను నేర్చుకున్నవి రెండు. పరీక్షించవలసిన వాటి పట్టికను, పరీక్ష రాసేవాడి దగ్గర తీసుకోకూడదు. ఇది బ్యాంకులోనే తెలుసు, క్లౌడ్ అనగానే మరిచాను. రెండోది నాకు అంతకు ముందు తెలియదు. ఎవరు చేశారన్నది ఏ ప్రోగ్రాం అయినా క్షణంలో చెబుతుంది. ఎవరు చేయమన్నారన్న గడిని నింపే ప్రోగ్రాం మాత్రం నేను ఇంతవరకు చూడలేదు. దాన్ని మనిషే చేత్తో నింపాలి, అదీ ఉద్యోగంలో ఉండగానే.